కరెంటు కోడలు

వనపర్తిలో దగ్గరివాళ్ల పెళ్లికి పోయి, భోజనమయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాను. నా ముందు ఒక నడివయసు ఆమె ఉంది. నల్లా తిప్పబోతూ ఆగింది. ఎంగిలి చేతిని పక్కకు పట్టుకుని, ఎడమచేతి వేళ్ల వెనకవైపుతో నల్లాను తాకీ తాకనట్టు తాకింది, పసిపిల్ల నుదుటి మీద జ్వరం చూసినట్టు. ఏమీ లేదని నమ్మకం కుదిరాకే అరచేతితో పట్టుకుని తిప్పింది.

అట్లా తాకడం నాకు బాగా తెలిసిందే.

"గట్ల ముట్టినవేంది?" అని అడిగాను.

"మాది పాన్‌గల్ అక్కా. గద్వాలల మా మేనత్తోళ్ల వాడల ఒకామె ఉండె. ఆమె నేర్పింది. అరచెయ్యితోని పట్టుకుంటే కరెంటు చేతిని ముడిచేస్తదంట, ఇడుద్దామన్నా ఇడువరాదంట. ఎనకదిక్కు ముడితే చెయ్యి దానంతటదే ఎనకకు గుంజుకుంటది అనేది. టెస్టర్ ఉంటే అదే పెట్టుండ్రి, లేకుంటేనే గిట్ల అని గూడ చెప్పేది. పేరైతే తెల్వదు. కరెంటు కోడలు అంటుండిరి."

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ఆ ఇంట్లనే ఇంకో కోడలు ఉండె కద, మగ్గం నేసేటామె?" అన్నాను.

ఆమె చెయ్యి కడుక్కుంటూ తల అడ్డంగా ఊపింది. "ఏమో అక్కా. నాకు యాదికి లేదు."

ఆ ఇంకో కోడలిని నేనే.

కరెంటు కోడలు నాకు పెద్ద తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని. పోయిన ఏడు చనిపోయింది. మనిషి పోయినా ఊరూరా ఎవరో ఒకరి చేతివేళ్లలో బతికే ఉంది. న్యాయంగా నాకు ఏడుపు రావాలి. ఒళ్లు మండింది.

ఆమె చక్కనిది కాదు. పొడుగు మనిషి, చామనఛాయ, నవ్వితే నాలుగిళ్ల అవతలికి వినిపించే గొంతు. జడ వేసుకోవడం నేను చూడలేదు. కొప్పు ముడేసి, ఆ కొప్పులో ఎర్ర పిడి ఉన్న టెస్టర్ గుచ్చుకునేది. మల్లెపూలు పెట్టుకున్న రోజు కూడా పూల పక్కనే టెస్టర్ ఉండేది. ఆ టెస్టర్‌ను పాతది పాడయ్యాక తెచ్చిచ్చింది మా ఆయనే. రాయచూరులో షావుకారికి చీరలు వేసి వస్తూ వదినకు టెస్టర్, నాకు గాజులు తెచ్చాడు. ఇంట్లో అందరూ టెస్టర్ చుట్టూ చేరి, దాన్ని బోర్డులో పెట్టి, లైటు వెలిగితే చప్పట్లు కొట్టారు. నా గాజులు నేనే వేసుకుని నేనే చూసుకున్నాను.

ఇక చెప్పుల సంగతి. మాది మగ్గాల ఇల్లు. గుంత మగ్గం ఉన్న అర్రలోకి చెప్పులతో వస్తే మా అత్త ఊరుకునేది కాదు. ఒకసారి నేను మరిచిపోయి గడప దాకా వేసుకొస్తే దినమంతా గొణిగింది. అక్క మాత్రం నీలం పట్టీల రబ్బరు చెప్పులతో ఇల్లంతా టపటపా తిరిగేది. అదేంది అత్తా అంటే, "అది కరెంటు పని చేస్తది, దానికి నడుస్తది" అనేది. ఇంటికి ఎవరొచ్చినా మొదట ఆమెనే చూపించేది: "మా పెద్దకోడలు. కరెంటు కోడలు." తరువాత నా వైపు చెయ్యి ఊపి, "చిన్నామె మగ్గం నేస్తది" అనేది. మా వాడలో మగ్గం నేయనిదెవరు? అది చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

నేను కుప్పడం చీరలు నేస్తాను. నూలు ఒంటికి పట్టు అంచును పోగుకు పోగు చేత్తో కలపాలి. ఆ కలిసిన చోటు వేలికి తగలకూడదు. నా చేతి అతుకు వేలికి తగలదు. దాని సంగతి నాకు తెలుసు, షావుకారికి తెలుసు. అక్కడితో సరి.

అక్క పుట్టిల్లు ఆత్మకూరు. వాళ్ల నాయన ఊళ్లో ఇళ్లకు వైరింగు చేసేవాడు. ఆమె చిన్నప్పటి నుంచి ఆయన వెంట తిరిగి ఆ పని నేర్చుకుంది. మా ఇంటికి వచ్చాక మగ్గం మీద కూర్చోబెడితే పోగు నడిపే నాడె ఆడించలేక ఇన్ని పోగులు తెంపిందట. మా అత్త ఆమెకు పని రాదని ముఖం ముడుచుకుని ఉన్న రోజుల్లోనే నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చాను. అంటే, నాకు మంచి మొదలే దొరికింది. కానీ అది ఒక్క పొద్దు కూడా నిలవలేదు.

అత్తగారింట్లో నా మొదటి పొద్దున బిందె తీసుకుని పెరట్లో నల్లా దగ్గరికి పోయాను. నేలంతా తడి. నల్లా మీద చెయ్యి వేశానో లేదో మోచేతి దాకా జిల్లుమని పాకింది. బిందె వదిలేసి కేక పెట్టాను.

అత్త అర్రలో నుంచే అరిచింది. "ఆ నల్లా గట్లనే జిల్లుమంటది. చెప్పులేసుకొని పట్టుకో!"

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో అందరూ అట్లాగే పట్టుకుంటున్నారు. అక్క ఒక్కతే ఇది మంచిది కాదని మొత్తుకుంటోంది. ఆమె మాట ఎవరూ వినలేదు, తమకు జిల్లుమన్నా ఎవరూ పట్టించుకోలేదు. నా కేక విని ఆమె పరుగెత్తుకొచ్చింది. నా మణికట్టు పట్టుకున్న పట్టుకు చేతికి ఎర్రగా గుర్తు పడింది. అరచెయ్యి తిప్పి చూసింది, వెనక్కి తిప్పి చూసింది.

"నీకు గూడ జిల్లుమన్నదా చెల్లె? గట్టిగ అన్నదా?"

"ఆఁ."

"నడువు. గిదే మాట అందరి ముందర చెప్పు."

కొత్త కోడలిని, తల ఎత్తకూడని దాన్ని, మగవాళ్ల ముందుకు లాక్కుపోయి నిలబెట్టింది. తరువాత ఆమె చేసినదంతా నేను కళ్లారా చూశాను. మా ఇంటి మెయిన్ స్విచ్చు దించేసింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు ఆగింది. "ఇప్పుడు మనింట్ల కరెంటు ఉన్నదా?" అని మా బావను అడిగింది. లేదన్నాడు. టెస్టర్ తీసుకుపోయి నల్లాకు ఆనించింది. అందులోని చిన్న దీపం మిణుకుమంది.

కరెంటు లేని ఇంట్లో కరెంటున్న నల్లా.

మా పక్కిల్లు చిన్నమామది, అంటే మా మామ తమ్ముడిది. ఒక్క ఇంటిని పంచుకుని మధ్యలో గోడ పెట్టుకున్నారు గానీ నీళ్ల పైపు మాత్రం ఒక్కటే, పాతకాలం ఇనుప పైపు. అక్క నేరుగా అక్కడికి పోయింది. చిన్నమామ నోటికి జడిసేవాళ్లే అందరూ.

"మా ఇంట్ల కరెంటు మీ ఇంట్లకొస్తదా? గోడ దుంకొస్తదా?" అని ఆయన లేచాడు.

"గోడ దుంకదు మామా. పైపుల నుంచి వస్తది. నీళ్లొచ్చిన తొవ్వనే."

ఆయన నోరు తెరిచేలోపే వాళ్ల మెయిన్ స్విచ్చు దించేసింది. మా పెరట్లో బావ నల్లాకు ఆనించి పట్టుకున్న టెస్టర్‌లో దీపం ఆరిపోయింది. తరువాత వెతికితే తెలిసింది, వాళ్ల ఇంటికి వైరింగు చేసినవాడు ఎర్తు గుంత తవ్వే బద్ధకానికి ఎర్తు తీగను తీసుకుపోయి నీళ్ల పైపుకు చుట్టేశాడు. వాళ్ల పాత ఫ్రిజ్జులో కారుతున్న కరెంటంతా పైపెక్కి మా నల్లా దాకా వస్తోంది.

వారం తిరగకుండా రెండిళ్లకూ విడివిడిగా ఎర్తు గుంతలు తవ్వించింది. బొగ్గు, ఉప్పు పోయించింది. వైరింగుకు మనిషిని పిలిపించినా ఆయనను పని చేయనిచ్చింది లేదు. పైపు మీద తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో తనే రుద్ది, రాగి పట్టీ బిగించి, పచ్చ తీగ తగిలించి, మెయిన్ బోర్డులో ఎర్తుకు కలిపింది. నల్లాకు, రేకుల స్నానాలగదికి, మోటారుకు, అన్నింటికీ అదే తీగ. కరెంటు కారితే వెంటనే పడిపోయే ట్రిప్పర్ కూడా పెట్టించింది.

"ఇంతకు ముందు పక్కింట్ల పైపుకు కట్టిండనే కద లొల్లి చేసినవ్. ఇప్పుడు నువ్వు గూడ పైపుకే కడుతున్నవ్?" అని మా ఆయన అడిగాడు.

"ఆయన పైపునే ఎర్తు చేసిండు మరిదీ. నేను పైపును ఎర్తుకు కలుపుతున్న. రెండూ ఒకటి కాదు." తరువాత మా మగ్గం వైపు చూసి అంది: "మీ పడుగే చూడు. పోగులన్ని ఒక్క బిగువుల ఉంటే ఏ పోగు తెగదు. ఒకటి బిగువై పక్కది వదులైతేనే తెగుతది. ఇంట్ల ఇనుమంత ఒక్క బిగువుల ఉండాలె. గప్పుడు మధ్యల నిలబడ్డ మనిషి తెగడు."

అందరూ తలలు ఊపారు. నాకు మాత్రం అక్కడే మొదలైంది. పడుగు నాది. బిగువు తెలిసిన చెయ్యి నాది. నాడె పట్టరాని మనిషి నా మగ్గంలో నుంచి మాట తీసి నా మొగుడి నోరు మూయించింది.

ఆ కథ ఆమె ఎన్ని పెళ్లిళ్లలో చెప్పిందో! మొదట్లో, "మా చెల్లె కొత్తగొచ్చింది పాపం, నల్లా మీద చెయ్యి పెట్టంగనే జిల్లుమన్నది" అని మొదలుపెట్టేది. అందరూ నా వైపు తిరిగేవాళ్లు. నేను సిగ్గుపడేదాన్ని. కొన్నాళ్లకు "ఇంట్ల ఒకామె చెయ్యి పెట్టింది" అయింది. నాగర్‌కర్నూల్‌లో మా ఆడబిడ్డ తరఫు పెళ్లిలో, ఇనుప కూలర్ ముందు ఆడుతున్న పిల్లలను పక్కకు లాగేసి, పెళ్లిపెద్దతో కొట్లాడి ఆ కూలర్ తీగ పీకించింది. ఆ వేడిలో అందరూ చుట్టూ చేరితే మళ్లీ మా నల్లా కథ ఎత్తుకుంది. ఈసారి, "నేను నల్లా పట్టుకున్న, జిల్లుమన్నది" అంది. నేను పక్కనే విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను. ఆమె అబద్ధం చెప్తున్నట్టు కూడా లేదు. నిజంగానే అట్లా జరిగిందని నమ్మేసింది. ఆ కథలో నాకు ఉన్నది ఒక్క కేకే. అది కూడా తీసేసుకుంది.

ఎండాకాలం మరీ ఘోరం. నేల ఎండితే ఎర్తు పని చేయదని రోజూ గుంతలో నీళ్లు పోసేది. నల్లా రెండు రోజులకొకసారి వచ్చే కాలంలో, పోగుకు రంగు వేసుకోవడానికి నేను దాచిన నీళ్లలో నుంచి బిందె ఎత్తుకుపోయి గుంతలో కుమ్మరించేది.

"గవి రంగు నీళ్లక్కా!" అని నేను మొత్తుకుంటే, "భూమికి దూపైతది చెల్లె. దానికి తాపితేనే అది మనల్ని చూసుకుంటది" అనేది. మా అత్త నన్నే కసిరేది, ఒక్క బిందెకు అంత లొల్లి ఎందుకని.

ఇన్నీ ఉన్నా, నేను ఆమె మీద సుఖంగా అసూయ పడే రోజులు అవే. తరువాత ఆ సుఖం కూడా పోయింది.

వానాకాలం, మిట్టమధ్యాహ్నం. ముసురు పట్టి పెరడంతా చిత్తడిగా ఉంది. రంగు వేసిన పట్టు పోగుల కట్టలను, చిలపలను, నల్లా కింద జాడిస్తున్నాను. చెప్పుల్లేవు, కాళ్లు నీళ్లలో ఉన్నాయి, ఒక చెయ్యి నల్లా మీద ఉంది. పైన ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు గురగురమంటోంది. ఉన్నట్టుండి లోపల టక్కున చప్పుడైంది. మోటారు ఆగింది. నల్లా నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

నాకేమీ కాలేదు. చీమ కుట్టినట్టు కూడా కాలేదు. కరెంటు పోయిందని తిట్టుకుంటూ లోపలికి పోయి చూస్తే ట్రిప్పర్ కిందికి పడి ఉంది. పైకి ఎత్తాను. మళ్లీ పడింది. ఇంకోసారి ఎత్తబోతుంటే వాకిట్లో నుంచి కేక వినిపించింది.

"ముట్టకు!"

అక్క బజారు నుంచి వస్తోంది. కూరగాయల సంచి గడపలో వదిలేసి నన్ను పక్కకు తోసింది. మెయిన్ స్విచ్చు దించి, మోటారు దగ్గరికి పోయి వాసన చూసింది. మూత విప్పించి చూస్తే లోపల తీగ కాలి, తొడుగు కరిగి, రాగి బయటపడి మోటారు ఒంటికి అంటుకుని ఉంది. ఆ మోటారు నుంచి ఇనుప పైపు, ఆ పైపు నుంచి నేను పట్టుకున్న నల్లా. కరెంటంతా పచ్చ తీగ మీదుగా భూమిలోకి దిగిపోయి ట్రిప్పర్‌ను పడేసింది. లేకపోతే అది పోవడానికి ఉన్న దారి నేనే.

వార్త వాడంతా పాకింది. గడియలో ఆడవాళ్లు ఇల్లు నిండారు. మా అత్త ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. ఎవరికి? అక్కకు. "నా ఇంటి దీపం నిలబెట్టినవ్ తల్లీ" అని ఆమె గడ్డం పట్టుకుంది. దీపాన్ని నేను. నేను చిలపల పక్కన చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. అందరూ పోయాక ఎవరో గుర్తొచ్చినట్టు నాకు ఇంత చాయ్ ఇచ్చారు.

మనకు ప్రాణం నిలిపిన మనిషి మీద అసూయ పడటం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది. కోపం తెచ్చుకుందామంటే నోరు రాదు. దండం పెడదామంటే చెయ్యి లేవదు.

ఆ సాయంత్రం పెరట్లో చిలపలు ఆరేస్తుంటే ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. నా చెయ్యి తీసుకుని, అరచెయ్యి తిప్పి చూసి, వెనక్కి తిప్పి చూసి, ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"మా చెల్లె గట్లనే పోయింది" అంది.

నాకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదట.

"బడికి పోయేటందుకు కాళ్లు కడుక్కుంటుండె. నల్లా పట్టుకొని ఒక్క కాలు ఎత్తింది. అంతే. మా నాయిన ఆత్మకూరుల ఎన్ని ఇండ్లకు కరెంటు పెట్టిండో. మా ఇంటికే ఎర్తు పెట్టలే. రేపు చేస్త, ఎల్లుండి చేస్త అనుకుంట ఉండె. దాని చెయ్యి ముడుచుకొని ఉండె చెల్లె. ఎంత ఇప్పినా ఇప్పరాలే."

నన్ను గట్టిగా పట్టుకుని, "చెల్లే, నా చెల్లే" అని ఏడ్చింది. ఆమె కన్నీళ్లు నా మెడ మీద పడ్డాయి. నేను కూడా ఏడ్చాను. కానీ లోపల ఎక్కడో ముల్లు దిగింది. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టిన పొద్దున నా మణికట్టు అంత గట్టిగా పట్టుకున్నది నా కోసం కాదు. ఇన్నేళ్లూ చెల్లె చెల్లె అన్నది నన్ను కాదు. ఆమె నా చేతిని విప్పి చూస్తున్నప్పుడల్లా ఇంకొక చేతిని విప్పుతోంది.

చచ్చిపోయిన పసిపిల్ల మీద ఎవరైనా అసూయ పడతారా? నేను పడ్డాను. అంతకు ముందు ఆమెకు దక్కినవన్నీ నాకు దక్కాలని పడ్డాను. ఆ సాయంత్రం నుంచి ఆమె నాకు దక్కలేదని పడ్డాను.

ఆ తరువాత ఏమీ మారలేదు. ఆమె చెప్పులు టపటపలాడుతూనే ఉన్నాయి. ఎండాకాలం నా రంగు నీళ్లు గుంతలో పోస్తూనే ఉంది. నేను అరుస్తూనే ఉన్నాను. పోయిన ఏడు కామెర్లు ముదిరి దవాఖానలో చేరింది. సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే నర్సును పిలిచి, గోడ నుంచి ఊడిన స్విచ్చు బోర్డు చూపించి తిట్టింది. మరునాడు పోయింది.

దినాలన్నీ అయ్యాక ఆమె పుట్టింటి సామాన్లు కొన్ని ఇచ్చి రమ్మని అత్త నన్నే ఆత్మకూరు పంపింది. బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాళ్ల నాయన ఒక్కడే ఉన్నాడు. చూపు మందగించింది. నేను ఎవరో చెప్తే తల ఊపాడు గానీ అర్థమైనట్టు లేదు. లోపలికి రమ్మని, మంచం మీద కూర్చోమన్నాడు.

ఎదురుగా గోడ మీద రెండు పటాలు. ఒకటి పాతది. రెండు జడలు, రిబ్బన్లు, బడి గౌను వేసుకున్న పిల్ల. రంగు వెలిసిపోయినా కళ్లు మాత్రం అక్కవే. ఆ పక్కనే కొత్త మేకుకు కొత్త పటం, అక్కది. రెండింటికీ ఒకే రకం దండ.

"అక్కచెల్లెండ్లు ఒక్క తాన చేరిరి" అన్నాడు ముసలాయన.

అవును, చేరారు. రెండు పటాల మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. నాకు కలిగింది దుఃఖమో, నా పాత రోగమో చెప్పలేను.

లేచి దగ్గరికి పోయి చూశాను. అక్క ఫోటో మా ఆడబిడ్డ పెళ్లిలో తీసింది. అందులో మేమిద్దరం ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం. ఆమె వరకే ఉంచి మిగతాది కోసేశారు. కానీ పూర్తిగా కోయలేదు. ఆమె భుజానికి ఆనుకుని పటం అంచు పొడుగునా వేలెడు వెడల్పున ఒక కొంగు కనిపిస్తోంది. పసుపు నూలు, మెరూన్ పట్టు అంచు, రెండూ కలిసిన గీత. నేను నేసిన చీరలన్నిటిలో నేను కట్టుకున్నది అదొక్కటే.

ముసలాయన నేను చూస్తున్నది గమనించినట్టున్నాడు.

"పక్కకు ఎవలో ఉండె బిడ్డా. కోపిచ్చినం గని జర చీర మిగిలింది. మంచిగ లేదంటున్నరు మా ఓళ్లు. మల్ల ఇప్పి సాపుగ కోపియ్యాలె."

"వద్దు నాయినా, కోపియ్యకు" అన్నాను. "అది నేనే."